సెక్రటరీగారి మడమలు

పోయిన ఈస్టరుకు ముందు గురువారం సాయంత్రం గుళ్లో మా అయ్యగారు నా కాళ్లు కడిగారు. అంతకు రెండు గంటల ముందు మా ఇంట్లో మా ఆవిడ వాటిని కడిగింది. మొదటిది సంఘమంతా చూసింది. రెండోదానికి సాక్షి నేను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు ఒక్కటే.

మాది బందరు వైపు సీఎస్ఐ సంఘం. నేను పాస్టరేట్ కమిటీ సెక్రటరీని. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన రాత్రిని తలుచుకుంటూ ఏటా ఆ గురువారం అయ్యగారు పన్నెండు మందిని వరసగా కూర్చోబెట్టి, పళ్లెంలో కాళ్లు పెట్టించి కడుగుతారు. ఆ పన్నెండు మంది జాబితా రాసేది సెక్రటరీ. మొదటి పేరు ఎవరిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మధ్యాహ్నం బ్యాంకులో పర్మిషన్ పెట్టి ఇంటికొచ్చి కాళ్లు చూసుకుంటే గుండె గుభేలుమంది. మడమల పగుళ్లలో మూడేళ్ల మట్టి గూడు కట్టుకుని ఉంది.

"రేపు స్త్రీల సమాజంలో సెక్రటరీ కాళ్ల గురించి చెప్పుకుంటే నీకే కదా నామోషీ?" అన్నాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. బకెట్లో వేణ్నీళ్లు, గుప్పెడు ఉప్పు, గిన్నెలు తోమే పీచు, ఒక నల్లరాయి పట్టుకొచ్చి బాత్రూం గచ్చు మీద పీట వేసుకుని కూర్చుంది. నేను స్టూలెక్కి ఒక పాదం ఆవిడ చేతికిచ్చి, నా చేతిలో బైబిలు పట్టుకుని, ఆ సాయంత్రం చదవాల్సిన పాఠం పైకి చదువుకోవడం మొదలుపెట్టాను. యోహాను సువార్త 13వ అధ్యాయం. నాది మంచి గొంతని మా సంఘంలో పేరు. ప్రభువు పంక్తిలోంచి లేచి నడుముకు తువాలు కట్టుకునే చోట కాస్త ఆగితే బాగుంటుందా, ఆగకుండా చదివితే బాగుంటుందా అని రెండు రకాలుగానూ చదివి చూశాను.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"కాలు కాస్త ఎత్తండి. పేతురుగారు కూడా ఇంత సతాయించి ఉండరు," అంది.

సాయంత్రం గుళ్లో చూస్తే అందరూ నా బాపతే. ఒకాయన పాదాలకు పౌడరు రాసుకొచ్చాడు. ఇంకొకాయన గోళ్లు తీసుకోవడంలో బొటనవేలు తెగ్గోసుకుని దానికి పట్టీ వేసుకొచ్చాడు. పదకొండో ఆయన దాకా 22 పాదాల్లోనూ కడగడానికి చిటికెడు మట్టి లేదు. పన్నెండో మనిషి ఆటో నడిపే తమ్ముడు. స్టాండు నుంచి నేరుగా వచ్చాడు. చెప్పు పట్టీల మేర తప్ప మిగతా పాదమంతా దుమ్మే. నేను మెల్లగా లేచి వెళ్లి అతని చెవిలో చెప్పాను, "తమ్ముడూ, బయట కుళాయి ఉంది, కాస్త కాళ్లు కడుక్కుని రా. అయ్యగారు కడగాలి కదా." వెళ్లి కడుక్కొచ్చాడు పాపం.

ఈ నాయకత్వ పటిమ నాకు ఊరికే రాలేదు. ప్రభుత్వ రంగ బ్యాంకులో 33 ఏళ్లు చేసి చీఫ్ మేనేజర్నయ్యాను. మా శిక్షణ కేంద్రంలో కొత్త ఆఫీసర్లకు 'సర్వెంట్ లీడర్‌షిప్' మీద నాలుగేళ్లుగా క్లాసు చెబుతున్నాను. ఆ క్లాసు నాకే ఎందుకిచ్చారంటే, అక్కడి ఇన్‌చార్జి "మీ మతంలో సబ్జెక్టే కదా సార్, ప్రిపరేషన్ అక్కర్లేదు" అన్నాడు. నేనూ నిజమేననుకున్నాను. ఆ మాట పుట్టించింది రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే అమెరికన్. ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, 1970లో ఒక వ్యాసం రాశాడు. నాయకుడు కావాలనుకునేవాడు ముందు సేవకుడై ఉండాలన్నది దాని సారం. హెర్మన్ హెస్సే రాసిన ఒక చిన్న నవల చదివితే ఆయనకా ఆలోచన వచ్చిందట. అందులో కొంతమంది యాత్రకు బయల్దేరతారు. వాళ్ల సామాను మోస్తూ, పనులు చేసిపెడుతూ, పాటలు పాడుతూ లియో అనే పనివాడుంటాడు. ఒకరోజు లియో కనబడకుండా పోతాడు. దాంతో యాత్ర కాస్తా చెదిరిపోతుంది. చాలా ఏళ్ల తర్వాత, ఆ యాత్ర నడిపించిన సంఘానికి పెద్ద ఆ లియోయేనని బయటపడుతుంది. ఈ కథ నేను చెబుతుంటే క్లాసులో చీమ చిటుక్కుమనదు. నాకు మొత్తం 42 స్లైడ్లు. లియో మాయమయ్యేది 17వ స్లైడు.

చిత్రమేమిటంటే బ్యాంకులో నేను అయ్యగారిలా మాట్లాడతాను, గుళ్లో బ్యాంకు మేనేజరులా మాట్లాడతాను. క్యాషియరు కుర్రాడికి సాయంత్రం లెక్కలో అయిదు వందలు తక్కువొచ్చి బిక్కమొహం వేస్తే భుజం మీద చెయ్యేసి, "కంగారుపడకు బాబూ, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మళ్లీ లెక్కపెట్టు" అంటాను. అదే ఆదివారం నాడు కానుక కిందటి వారం కంటే 340 రూపాయలు తగ్గితే, "ఈ షార్టేజీకి కారణమేంటండీ?" అని అయ్యగార్నే నిలదీశాను. ఆయన తల గోక్కుని "వానండీ" అన్నారు. క్వయర్ పిల్లలు ఆలస్యంగా వస్తున్నారని హాజరు పుస్తకం పెట్టించాను. ఉపవాస ప్రార్థనకు ఈ మూడు నెలల్లో ఎంతమందిని తీసుకొస్తారో అంకెల్లో తెలపవలసిందని స్త్రీల సమాజం అధ్యక్షురాలికి మెమో ఇచ్చాను. ఆవిడ ఆ కాగితం వెనకవైపు క్రిస్మస్ కేకు కొలతలు రాసి మా ఆవిడకు పంపింది. మా ఫ్రిజ్జుకి ఇప్పటికీ అతికించి ఉంది, కేకు వైపు పైకి.

ఇక ఏటా ఏదో ఒక సందర్భం చూసుకుని నేను బిషప్ అజరయ్యగారి మీద మాట్లాడతాను. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. దోర్నకల్ వచ్చి తెలుగువాళ్లలో కలిసిపోయారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడయ్యారు. అయ్యాక కూడా ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభ జరిగితే, ఇంతింత త్యాగాలు చేసిన దొరల ముందు నిలబడి, మాకు స్నేహితులు కూడా కావాలి అని అడిగారు. ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి నా గొంతు వణుకుతుంది. ఎప్పుడు వణకాలో దానికి బాగా అలవాటైపోయింది. కిందటేడు సరిగ్గా ఆ వణుకు మధ్యలో తలెత్తి చూస్తే, ఆటో తమ్ముడు వెనక గోడకు ఆనుకుని నిలబడి శ్రద్ధగా వింటున్నాడు. కమిటీ సభ్యుల కోసమని ముందు వరసలో నేను కట్టించిన తాడు లోపల నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. గొంతు ఆపుకోలేక ప్రసంగం పూర్తి చేసేశాను.

ఆ అజరయ్యగారే పూనుకుని 1919లో తరంగంబాడిలో సంఘాల ఐక్యత గురించి మాటలు మొదలుపెడితే, ఆ మాటలు ఫలించి 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐ ఏర్పడింది. మధ్యలో 28 ఏళ్లు. ఆ రోజు చూడ్డానికి ఆయన లేరు, 1945 జనవరి 1న కన్నుమూశారు. సిద్ధాంతాల్లో, ఆరాధన పద్ధతుల్లో తలో దారి అయినవాళ్లు ఒక గూటికి రావడానికి ఆ మాత్రం పడుతుంది మరి. వేసవి కూటాలకు షామియానా నీలం రంగుదా, ఎర్రదా అన్నదాని మీద మా కమిటీ ఇప్పుడు మూడో సమావేశంలో ఉంది.

కమిటీ ఎన్నికలప్పుడు మా దగ్గర ఒక ఆనవాయితీ. పెద్దలకు ఉండాల్సిన లక్షణాలు పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో ఉంటాయి, వాటిని సంఘం ముందు చదవాలి. గొంతు సంగతి తెలుసు కదా, చదివేది నేనే. తాగుబోతు కాకూడదు, దానికి నేను భయపడను. డబ్బు మీద ఆశ ఉండకూడదు, నేను లెక్కపెట్టేది ఎప్పుడూ పరాయి డబ్బే. ఆ తర్వాత, సొంత ఇల్లు చూసుకోవడం చేతకానివాడు దేవుని సంఘాన్ని ఏం చూస్తాడన్న అర్థం వచ్చే చోటొకటుంది. మన పాత తెలుగు బైబిల్లో అక్కడున్న మాట 'ఏలడం'. నేను ఆ మాట దగ్గరికి రాగానే ఆడవాళ్ల వైపు నుంచి ఒక దగ్గు వినిపించింది. 31 ఏళ్లుగా వింటున్న దగ్గు. ఎవరిదో పోల్చుకోవడానికి తల తిప్పక్కర్లేదు.

న్యాయంగా చెప్పాలంటే నా ఏలుబడి కూడా బైబిలు పద్ధతిలోనే నడిచింది. నిర్గమకాండం 18లో, మోషే పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తుంటే మామగారు యిత్రో వచ్చి చూసి మందలిస్తాడు. ఇలాగైతే నువ్వూ నీరసిస్తావు, జనమూ నీరసిస్తారు, వెయ్యిమందికొకణ్ని, వందమందికొకణ్ని, యాభైమందికొకణ్ని, పదిమందికొకణ్ని పెట్టుకుని పెద్ద తగవులు మాత్రమే నువ్వు చూసుకో అంటాడు. మామగారి మాట కాదనకూడదని నేనూ ఇంట్లో పనులన్నీ అప్పజెప్పేశాను. అమ్మాయి పెళ్లయి వెళ్లాక ఇంట్లో మిగిలింది ఇద్దరమే కావడంతో వెయ్యిమంది వంతూ, వందమంది వంతూ, పదిమంది వంతూ ఒక్కరి మీదే పడ్డాయి. పెద్ద తగవులు నా దగ్గరే ఉంచుకున్నాను. అవి ఇంకా రాలేదు.

మా గుళ్లో నన్ను పాడనిచ్చేది ఒక్క వేలంపాటలోనే. కోతపండుగ నాడు ఎవరి పొలంలో, ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి ముందు పెడతారు. ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరి మొక్కలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. బజార్లో నలభై రూపాయల సొరకాయ అక్కడ రెండు వేలు పలుకుతుంది, పాడుకున్నవాడి పేరు మైకులో పలుకుతుంది. నిరుడు ఒక డేగ పుంజు మీద కాంట్రాక్టరు సహోదరుడికీ నాకూ పంతం వచ్చింది. చివరికి 3,500 రూపాయలకు నేను పాడుకున్నాను. మైకులో నా పేరు రెండుసార్లు చెప్పారు. ఇంటికి తెచ్చాక తెలిసింది దానికి గూడు కావాలని, నూకలు కావాలని, దానికి తెల్లవారుజామున మూడున్నరకే మెలకువొస్తుందని. కోడికూత విని పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను దుప్పటి ముసుగు తన్నాను. మా ఆవిడ లేచి నూకలు వేసింది. పదిహేను రోజులు వేసింది.

మా అమ్మ రోజూ అన్నం వండే ముందు ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. నెల తిరిగాక ఆ కుండ గుడికి వెళ్లేది. అప్పట్లో మా నాన్న సెక్రటరీ. వార్షిక నివేదికలో "ఈ సంవత్సరము బియ్యపు కానుకను గణనీయముగా పెంచితిమి" అని చదివేవారు. ఆ 'తిమి'లో తనూ ఉన్నానని మా అమ్మకు తోచి ఉండదు. మా నాన్నకు అంతకన్నా తోచి ఉండదు. నేను ఆ నివేదిక నమూనానే ఇప్పటికీ వాడుతున్నాను.

అసలు సంఘంలో తొలి కమిటీ పుట్టిందే అన్నం దగ్గర. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. రోజూ పంచే భోజనంలో తమ వైపు విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని కొందరు సణిగితే, ఆ వడ్డన సంగతి చూడ్డానికి ఏడుగురిని ఎన్నుకున్నారు. మా కమిటీలో కూడా ఏడుగురమే. కోతపండుగ భోజనాలకు కోడి పెట్టాలా వేటమాంసం పెట్టాలా అని గంటన్నర చర్చిస్తాం, తీర్మానం రాస్తాం, మొదటి పంక్తిలో కూర్చుంటాం. గరిటె పట్టుకున్నవాణ్ని ఇంతవరకు చూడలేదు. ఆ సాయంత్రం డేగిసాలు తోమేది స్త్రీల సమాజం, అదీ మెమో లేకుండా.

జూన్‌లో మా అమ్మాయికి రెండో కాన్పు. పెద్దవాడికి బడి ఉంది కాబట్టి అది ఇక్కడికి రాలేక మా ఆవిడే హైదరాబాద్ వెళ్లింది, మూడు వారాలకి. వెళ్లేముందు ఒక చీటీ రాసి ఫ్రిజ్జు మీద పెట్టింది. నేను చదవలేదు. 28 మంది స్టాఫున్న బ్రాంచి నడిపేవాణ్ని, చీటీ చూసి ఇల్లు నడపాలా?

మొదటి రోజు హోటలు. రెండో రోజు కుక్కర్లో బియ్యం కడిగి పోసి, నీళ్లు పోసి, మూత బిగించాను. ఎంతసేపటికీ విజిల్ రాదు. మూత చుట్టూ బుసబుసమని ఆవిరి వస్తోంది. పైనుంచి ఒత్తిడి ఉంటేనే కింద పనవుతుందని నేను స్టాఫుకి చెప్పే మాట గుర్తొచ్చి మంట పెంచాను. నలభై నిమిషాలకు విజిల్‌కి బదులు మాడు వాసన వచ్చింది. తీసి చూస్తే పైన పలుకు, అడుగున బొగ్గు. మా ఆవిడకు ఫోన్ చేసి అడిగితే ఏలుబడి బండారం బయటపడుతుందని అడగలేదు. చేతులు కడుక్కుంటుంటే సింకు పక్కన మేకుకి ఒక నల్లటి రబ్బరు చక్రం వేలాడుతూ కనిపించింది. నా స్కూటరుది ఇక్కడికెందుకొచ్చిందో అనుకుని, జాగ్రత్తగా తుడిచి స్కూటరు డిక్కీలో భద్రపరిచాను.

నాలుగో రోజుకి చీమలు వచ్చాయి. ఆరో రోజుకి పాలు పొంగి పొయ్యి మీద అట్ట కట్టాయి. ఎనిమిదో రోజుకి ఇంట్లో కడిగిన గ్లాసు అన్నది లేకుండా పోయింది. షోకేసులోంచి, ఉత్తమ మేనేజరువని బ్యాంకువాళ్లిచ్చిన వెండిపూత కప్పు దించి అందులో టీ తాగాను. చేతికి అందినప్పటి నుంచి అది ఒక పనికి వచ్చింది ఆ రోజే.

రెండో వారంలో నా క్లాసు పడింది. ఇస్త్రీ లేని చొక్కా మీద కోటు తొడుక్కుని వెళ్లాను. 17వ స్లైడు వచ్చింది. లియో మాయమయ్యాడు. అలవాటు ప్రకారం గొంతు తగ్గించి, ఒక్క క్షణం ఆగాను. ఆ నిశ్శబ్దంలో వెనక వరస నుంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, లియో వెళ్లిపోయాక వాళ్లకి వంటెవరు చేశారు?"

నాలుగేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న.

"అది సిలబస్‌లో లేదమ్మా," అన్నాను.

"మరి ఏం తిన్నారు సార్?" అంది.

నా కోటు జేబులో మధ్యాహ్నానికని తెచ్చుకున్న బన్ను ఉంది. 18వ స్లైడుకి వెళ్లిపోయాను.

22వ రోజు పొద్దున మా ఆవిడ వచ్చింది. సంచి గుమ్మంలో పెట్టి, వంటింటి గడప దగ్గర నిలబడి పొయ్యి చూసింది, సింకు చూసింది, సింకులో బోర్లించిన వెండి కప్పు చూసింది.

"బాగానే ఏలారు," అంది.

నేను పేపరు చదువుతున్నట్టు ఉండిపోయాను. ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని ముందు కుక్కరు అందుకుంది. మేకు వైపు చూసింది.

"ఏవండీ, కుక్కరు రబ్బరేదీ?"

తాళంచెవి తీసుకుని వాకిట్లోకి వెళ్లి డిక్కీ తెరిచాను. ఎదురింటి పిన్నిగారు ముగ్గు మీంచి తలెత్తి "అప్పుడే బ్యాంకుకా బాబూ?" అన్నారు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో గిన్నెలు నేను తోముతున్నాను. ఎలాగో అయ్యగారి చెవిన పడి, ఆదివారం సాక్ష్యం చెప్పండి, సంఘానికి మాదిరిగా ఉంటుంది అన్నారు. నా గొంతు అప్పుడే సవరించుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ మాత్రం "మైకులో చెప్పారంటే సోమవారం నుంచి మళ్లీ నేనే తోమాలి" అని తేల్చేసింది. అందుకని ఇక్కడ పేరు లేకుండా రాస్తున్నాను. వచ్చే ఏడు కాళ్లు కడిగించుకునే జాబితాలో మొదటి పేరుగా నీది రాస్తానని ఆటో తమ్ముడికి కూడా చెప్పాను. "ఎందుకులెండి సార్, నాది కుళాయి దగ్గరే అయిపోద్ది" అన్నాడు. బతిమాలుతున్నాను.

గిన్నెలు పరవాలేదు. కుక్కరు రబ్బరు మాత్రం రోజూ మూతలోంచి ఊడదీసి, సబ్బుతో కడిగి, మేకుకి తగిలించాలి. తిరిగి మూతలోకి ఎక్కించడం నాకింకా రాలేదు, మా ఆవిడే ఎక్కిస్తోంది.